సున్నం పడి తెల్లబడ్డ కన్ను: ముందు మూలకణాలా, ముందు కార్నియా మార్పిడా?

పర్లాకిమిడి నుంచి ఒక మేనమామ అడిగిన ప్రశ్న ఇది. ఏడేళ్ల మేనల్లుడు ఖైనీలో కలిపే సున్నం ట్యూబును నొక్కి ఆడుకుంటుంటే అది పగిలి, సున్నం కుడికంట్లో పడింది. ఐదు నెలలైంది. ఇప్పుడు నల్లగుడ్డు మీద తెల్లటి పొర కట్టింది, దాని మీదికి ఎర్రటి రక్తనాళాలు పాకాయి, వెలుతురు తప్ప ఏమీ తెలియడం లేదు. బరంపురంలో ఒక డాక్టరు మూలకణాల ఆపరేషన్ కావాలన్నారు. ఇంకొకరు ఐ బ్యాంకులో పేరు రాయించి కార్నియా మార్పించమన్నారు. ఎవరి మాట వినాలి, బాగున్న కంటికి ముప్పేమైనా ఉందా, ఎక్కడికి తీసుకెళ్లాలి, తల్లి తన కన్ను ఇస్తానంటోంది, పనికొస్తుందా అని అడిగారు.

మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే మొదటి డాక్టరుగారు చెప్పిన వరసే సరైనది. ముందు మూలకణాలు, ఆ తర్వాత అవసరమైతేనే కార్నియా. ఈ వరస తిరగబడితే దాత ఇచ్చిన కార్నియా వృథా అవుతుంది, పిల్లాడికి ఒక ఆపరేషన్ భారం మిగులుతుంది. కారణం కొంచెం వివరంగా చెప్తాను. ఇది అర్థమైతే ఏ ఆసుపత్రిలోనైనా మీరు సరైన ప్రశ్నలు అడగగలుగుతారు.

కార్నియా అంటే నల్లగుడ్డు ముందు ఉండే పారదర్శకమైన పొర. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. దానిపైన పలచని చర్మంలాంటి కణాల పొర ఉంటుంది. ఆ కణాలు ఎప్పటికప్పుడు రాలిపోతూ, వారం పది రోజుల్లో మొత్తం పొర కొత్తదవుతుంది. ఆ కొత్త కణాలు పుట్టేది నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే అంచులో. ఆ అంచును లింబస్ అంటారు, కొత్త కణాలను పుట్టించే మూలకణాలు ఉండేది అక్కడే. లింబస్‌ను నారుమడి అనుకోండి, కార్నియాను పొలం అనుకోండి. సున్నం కాల్చింది పొలాన్ని మాత్రమే కాదు, నారుమడిని కూడా. నారు రాదు, పైగా గట్టు తెగింది కాబట్టి పక్కనున్న తెల్లగుడ్డు పొర తన రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి వచ్చేస్తుంది. మీకు కనిపిస్తున్న తెలుపూ ఎరుపూ చాలావరకు అదే.

ఇప్పుడు దాత కార్నియాను నేరుగా పెడితే ఏమవుతుంది? దానితో వచ్చిన పైపొర కణాలు కొన్నాళ్లకు రాలిపోతాయి. వాటి స్థానంలోకి కొత్తవి రావాలంటే లింబస్ కావాలి. మామూలు కార్నియా మార్పిడిలో దాత కంటి మధ్యభాగాన్నే వాడతారు, లింబస్ అందులో ఉండదు. పుండు మానదు, మళ్లీ తెల్లపొర కమ్ముకుంటుంది. దానికితోడు రక్తనాళాలు పాకిన కంట్లో శరీరం కొత్త కార్నియాను తిరస్కరించే అవకాశం చాలా ఎక్కువ. దానం చేసిన కళ్లు తక్కువ, ఎదురుచూసేవాళ్లు ఎక్కువ. పనికిరాని చోట పెట్టడం ఆ దాత కుటుంబానికీ అన్యాయమే.

సున్నం ఇంత నష్టం చేయడానికి కారణం అది క్షారం కావడం. యాసిడ్ పడితే పైనున్న మాంసకృత్తులు గడ్డకట్టి, అది లోపలికి దిగకుండా కొంతవరకు అడ్డుపడతాయి. క్షారం కణాల పొరల్లోని కొవ్వును సబ్బుగా మార్చేస్తూ లోపలికి దిగుతూనే ఉంటుంది. ట్యూబులోని సున్నం ముద్దగా ఉంటుంది కాబట్టి పైరెప్ప వెనక మడతలో ఇరుక్కుని గంటల తరబడి కరుగుతూ కాలుస్తుంది. నీళ్లు చల్లి కడిగేశాం అనుకున్న కళ్లు కూడా పాడయ్యేది అందుకే. ఖైనీ వాడే ఇళ్లలో, సంక్రాంతి ముందు వెల్లవేసే రోజుల్లో పిల్లలకు ఇది జరుగుతూనే ఉంటుంది. పండగకు గుల్ల సున్నం తడిపేటప్పుడు పొంగి చిందినా ఇదే ప్రమాదం.

మీ ఇంట్లో ఇంకా చిన్నపిల్లలు ఉన్నారన్నారు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. సున్నం పడిన క్షణం నుంచే కడగాలి, ఆసుపత్రికి బయల్దేరడం దాని తర్వాతే. శుభ్రమైన మంచినీళ్లు ఏవైనా సరే, కనీసం అరగంట, ధార ఆగకుండా. పిల్లాడిని పడుకోబెట్టి, ఒకరు రెప్పలు విప్పి పట్టుకోవాలి, ఇంకొకరు ముక్కు వైపు నుంచి చెవి వైపుకు నీళ్లు పోయాలి, రెండో కంట్లోకి పోకుండా. కన్ను నాలుగు పక్కలకీ తిప్పమనాలి. తెల్లటి ముద్ద కనిపిస్తే తడిపిన మెత్తని గుడ్డ కొసతో తీసేయాలి. చనుబాలు, ఆముదం, నెయ్యి, ఆకు పసరు ఏదీ వద్దు. సున్నానికి విరుగుడని నిమ్మరసం అసలే వద్దు. ఆసుపత్రిలో పైరెప్పను రెండు మడతలు తిప్పి లోపల చూడమని మీరే అడగండి, అలా చూడనిచోట సున్నం ముక్క మిగిలిపోతుంది. కడిగాక కాసేపు ఆగి, క్షారం ఇంకా మిగిలిందో లేదో తెలిపే పీహెచ్‌ను కాగితంతో చూస్తారు, అది ఏడు, ఏడున్నర మధ్యకు వచ్చేదాకా మళ్లీ మళ్లీ కడుగుతారు.

ఇక మీ అబ్బాయి సంగతి. ఐదు నెలలైనా కన్ను ఇంకా ఎర్రగా ఉందని రాశారు. మూలకణాల మార్పిడికి కన్ను చల్లబడి ఉండాలి. మంట ఉన్న కంట్లో పెట్టిన మూలకణాలు బతకవు. సాధారణంగా గాయమైన మూడు నుంచి ఆరు నెలల వరకు ఆగుతారు, కానీ క్యాలెండరు కంటే కంటి ఎరుపే ముఖ్యం. ఈలోగా ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ చుక్కలు ఇస్తారు. వాటిని డాక్టరు చెప్పినన్నాళ్లే వాడాలి, మందుల షాపులో మళ్లీ మళ్లీ కొనితెచ్చి వేయకూడదు. క్షారంతో కాలిన కంట్లో లోపలి ఒత్తిడి పెరగడం మామూలే, స్టెరాయిడ్ దాన్ని ఇంకా పెంచుతుంది. పైకి కార్నియా బాగుచేసినా, లోపల గ్లాకోమాతో, అంటే ఆ ఒత్తిడి వల్ల, కంటినరం దెబ్బతింటే చూపు రాదు. ప్రతి పరీక్షలోనూ ఒత్తిడి కొలిచారా అని అడగండి. తెల్లబడ్డ కార్నియా మీద యంత్రంతో సరిగ్గా తెలియకపోతే అనుభవం ఉన్న డాక్టరు రెప్ప మీద వేలితో నొక్కి అంచనా వేస్తారు.

ఆపరేషన్‌కు ముందు తేల్చవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. ఫ్లోరసీన్ అనే పసుపు రంగు చుక్క వేసి చూస్తే తెల్లగుడ్డు పొర ఎంతమేర పాకిందో, అంచు చుట్టూ ఎంత భాగం పోయిందో తెలుస్తుంది. కొంత భాగమే పోయి, కంటిపాపకు ఎదురుగా ఉన్న చోటు బాగుంటే అసలు మార్పిడే అక్కర్లేకపోవచ్చు. ముందుభాగపు ఓసీటీ స్కాన్‌లో తెల్లపొర కింద కార్నియా ఎంత మందం మిగిలిందో కనిపిస్తుంది. ఇది నా దృష్టిలో తప్పనిసరి. బాగా పలచబడిన కార్నియా మీది పొర ఒలుస్తున్నప్పుడు కన్ను చిల్లుపడే ప్రమాదం ఉంది, ముందే తెలిస్తే డాక్టరు సిద్ధంగా ఉంటారు. కార్నియా తెల్లబడి లోపల కనపడదు కాబట్టి కంటి వెనక ఉండే రెటీనా పొర కోసం బి-స్కాన్ అనే అల్ట్రాసౌండ్ పరీక్ష చేస్తారు. కన్నీరు ఎంత ఊరుతుందో షిర్మర్ కాగితంతో చూస్తారు. పూర్తిగా ఎండిపోయిన కంట్లో ఈ ఆపరేషన్ నిలబడదు. రెప్ప కనుగుడ్డుకు అతుక్కుని ఉన్నా, రెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగి గీసుకుంటున్నా ముందు అవి సరిచేయాలి. ఇంకొకటి చాలామంది మరిచిపోయేది: ఎడమ కంట్లో కూడా ఆ రోజు కాస్త సున్నం చిందిందా? చిందితే తప్పకుండా చెప్పండి. ఆ కంటి అంచు పూర్తిగా ఆరోగ్యంగా ఉంటేనే అక్కణ్ణుంచి తీసుకుంటారు.

ఆపరేషన్ గురించి. మంచి కంటి అంచు నుంచి ముక్క తీసి చెడిన కంటికి పెట్టే పద్ధతిని 1989లో కెన్యన్, సెంగ్ వివరించారు. అందులో బాగున్న కంటి చుట్టుకొలతలో సగం దాకా తీయవలసి వచ్చేది. అది నిజంగా భయపడవలసినదే. 1997లో ఇటలీలో పెల్లెగ్రీని, డి లూకా బృందం చిన్న ముక్కలోని మూలకణాలను ప్రయోగశాలలో పెంచి పెట్టారు. హైదరాబాదు ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం ఈ పద్ధతిని వందల మందికి చేసింది. 2006లో ఆయనకు శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది. కానీ కణాలు పెంచడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, అత్యంత శుభ్రమైన ప్రత్యేక ల్యాబు కావాలి, ఖర్చు ఎక్కువ. అందుకే 2012లో సంగ్వాన్, సయన్ బసు, షీలా మెక్‌నీల్, బాలసుబ్రమణియన్ కలిసి ల్యాబు అవసరం లేని పద్ధతిని ప్రచురించారు. దాని పేరు స్లెట్ (సింపుల్ లింబల్ ఎపిథీలియల్ ట్రాన్స్‌ప్లాంటేషన్). కణాలను గాజుపాత్రలో కాకుండా కంటి మీదే పెరగనివ్వడం దీని కిటుకు. కార్నియా ఆపరేషన్లు చేసే మంచి థియేటరు, చేయి తిరిగిన సర్జను ఉంటే చాలు. మన ప్రాంతపు కుటుంబాలకు ఇది అందుబాటులోకి రావడానికి కారణం ఈ సులువే.

చేసే తీరు ఇలా ఉంటుంది. పిల్లలకు పూర్తి మత్తు ఇస్తారు. ఎడమ కంటి పై అంచున, అంటే పైరెప్ప కప్పే చోట, రెండు మిల్లీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల వెడల్పు ముక్క తీస్తారు. కార్నియా అంచును గడియారం ముఖంలా పన్నెండు భాగాలు చేస్తే ఇది ఒక భాగం కంటే తక్కువ. ఆ చోటు సుమారు రెండు వారాల్లో మానిపోతుంది, చూపుకు అడ్డం రాదు. తర్వాత కుడి కంటి మీద పాకిన పొరను చుట్టూ కోసి ఒలిచేస్తారు, రక్తం కారడం ఆపుతారు. దాని మీద ఆమ్నియాటిక్ పొర పరుస్తారు. ఇది సిజేరియన్ కాన్పు తర్వాత తల్లి అనుమతితో మావి నుంచి తీసి, రోగాలు లేవని పరీక్షించి దాచిన పొర. రక్తంలోని మాంసకృత్తులతో తయారైన ఫైబ్రిన్ జిగురుతో దాన్ని అతికిస్తారు. తీసిన చిన్న ముక్కను సన్న కత్తెరతో ఎనిమిది నుంచి పది తునకలు చేసి, పైవైపు పైకే ఉండేలా, కంటిపాప ఎదురుగా ఉన్న మధ్యభాగం వదిలి గుండ్రంగా పేర్చి, మళ్లీ జిగురు వేస్తారు. పైన కట్టులా కాపాడే బ్యాండేజ్ కాంటాక్ట్ లెన్స్ పెడతారు. ఒక్కో తునక నుంచి కణాలు పాకి పక్కదానితో కలుస్తాయి, రెండు వారాల్లో కార్నియా మొత్తం కొత్త పొరతో కప్పుకుంటుంది.

ఫలితం ఎంత? ఒక కంటికి గాయమైన 125 మందికి స్లెట్ చేసిన వివరాలను ఎల్వీ ప్రసాద్ బృందం 2016లో ప్రచురించింది. వాళ్లలో 60 మంది పిల్లలే. 76 శాతం కళ్లలో కార్నియా పైపొర నిలబడింది. అంటే నలుగురిలో ఒకరికి మళ్లీ పొర పాకింది. ఎవరికి విఫలమవుతుందో కూడా ఆ పరిశీలనలో తేలింది: యాసిడ్ గాయాలు, రెప్ప బాగా అతుక్కున్నవి, స్లెట్‌తో పాటే కార్నియా మార్పిడి కూడా చేసినవి, పెట్టిన తునకలు ఊడిపోయినవి. మూడోది మీ ప్రశ్నకు నేరుగా జవాబు. రెండూ ఒకేసారి చేయించుకుంటే ఖర్చూ ప్రయాణమూ కలిసొస్తాయని అనిపిస్తుంది, కానీ కార్నియా చిల్లుపడే స్థితి ఉంటే తప్ప దానికి ఒప్పుకోవద్దని నా సలహా. పొర ఒలిచాక కింద కార్నియా అనుకున్నదానికంటే తేటగా ఉండడం తరచూ జరుగుతుంది. అప్పుడు అద్దాలో, ప్రత్యేకమైన కాంటాక్ట్ లెన్సో సరిపోతుంది. మచ్చ లోతుగా ఉంటే, పైపొర నిలబడి కన్ను కొన్ని నెలలు ప్రశాంతంగా ఉన్నాక, అప్పుడు కార్నియా మార్పిడి. ఐ బ్యాంకులో పేరు రాయించడం తప్పు కాదు, దాని వంతు తర్వాత.

పిల్లల్లో పని చెడేది ఎక్కువగా ఇంటికి వచ్చాకే. తునకలు జిగురుతో మాత్రమే నిలిచి ఉంటాయి. మొదటి పది రోజులు కన్ను నలిపితే ఊడిపోతాయి. రాత్రంతా గట్టి ప్లాస్టిక్ షీల్డు కట్టి ఉంచాలి, పగలు కూడా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. తలస్నానం, చెరువు, దుమ్ము, పొయ్యి పొగ వద్దు. లెన్స్ జారిపోతే మీరు తిరిగి పెట్టకండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. యాంటీబయాటిక్ చుక్కలు లెన్స్ తీసేదాకా, స్టెరాయిడ్ చుక్కలు మొదట్లో రోజుకు ఆరెనిమిది సార్లతో మొదలై వారవారం తగ్గుతూ సుమారు ఆరు వారాలు. రెండు మందులకీ మధ్య ఐదు నిమిషాల ఎడం ఉండాలి. ఎరుపు పెరిగినా, నొప్పి, పుసి, వెలుతురు భరించలేకపోవడం, కనిపిస్తున్నది తగ్గడం వంటివేవి వచ్చినా మర్నాటి దాకా ఆగకూడదు. ఒక పక్క మాత్రమే మళ్లీ పొర పాకితే నిరాశ పడవద్దు, రెండోసారి స్లెట్ చేయవచ్చు.

మీరు అడగనిది ఒకటి ఉంది, దాని గురించే నాకు ఎక్కువ ఆదుర్దా. ఏడేళ్ల వయసులో మెదడు ఇంకా చూపు నేర్చుకుంటూ ఉంటుంది. నెలల తరబడి ఒక కన్ను మూసుకుపోతే మెదడు ఆ కంటిని వదిలేస్తుంది. దీన్ని ఆంబ్లియోపియా అంటారు. అప్పుడు కార్నియా తేటపడినా చూపు రాదు. కన్ను చల్లబడ్డాక కూడా వచ్చే పండక్కి, పరీక్షలయ్యాక అంటూ వాయిదా వేయకండి. ఆపరేషన్ తర్వాత వెంటనే అద్దాలు లేదా లెన్స్, మెదడు ఈ కంటిని వాడేలా బాగున్న కంటిని రోజూ కొన్ని గంటలు కప్పి ఉంచే ప్యాచ్ ఉంటాయి. పిల్లాడు ఏడుస్తాడు, తీసేస్తాడు. డాక్టరు చెప్పిన గంటలు తగ్గించవద్దు. పనిలో సగం ఇక్కడే ఉంది.

ఎక్కడికి వెళ్లాలంటే, మీకు రెండు దారులు. గుణుపురం నుంచి పర్లాకిమిడి మీదుగా విశాఖపట్నం వెళ్లే రైలు ఉంది. విశాఖ హనుమంతవాకలో ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రి ఉంది, మాట తెలుగే కాబట్టి మీ అక్కకు సులువు. రెండోది భువనేశ్వర్ పటియాలో అదే సంస్థ ఆసుపత్రి. బరంపురం మీదుగా పోవచ్చు, ఒడిశా ప్రభుత్వ ఆరోగ్య కార్డు అక్కడ పని చేయించుకోవడం తేలిక కావచ్చు. రాయగడలో కూడా వాళ్ల చిన్న కేంద్రం ఉంది. మధ్యమధ్య పరీక్షలకు దగ్గరలో ఏ కేంద్రం సరిపోతుందో డాక్టరును ముందే అడిగితే ప్రయాణాలు తగ్గుతాయి. వెళ్లేముందు ఫోన్ చేసి కార్నియా డాక్టరు ఏ రోజుల్లో చూస్తారో కనుక్కోండి. ఆ గోపబంధు జన ఆరోగ్య కార్డు కింద ఖర్చు వస్తుందా అని అడిగేటప్పుడు 'కంటి ఆపరేషన్' అనకుండా స్లెట్ అని పేరు పెట్టి అడగండి, ఆమ్నియాటిక్ పొర, జిగురు ఖర్చు అందులో కలిసిందో లేదో కూడా. మొదటిరోజు కేసు కాగితం, ఇప్పటిదాకా వాడిన మందుల సీసాలు, మొదటి వారంలో ఫోన్లో తీసిన కంటి ఫొటోలు తీసుకెళ్లండి. కాలిన రోజు అంచు ఎంత తెల్లబడి ఉందో ఆ ఫొటోల్లో తెలిస్తే డాక్టరుకు అంచనా సులువవుతుంది.

మూలకణాల ఇంజెక్షన్ వేస్తే కన్ను వస్తుందని డబ్బు అడిగే క్లినిక్‌లకు వెళ్లకండి. లింబస్ నుంచి తీసిన ముక్కతో చేసే ఈ ఆపరేషన్ వేరు, నరంలోకి, చేతిలోకి, కనుగుడ్డు వెనక్కి ఎక్కించే ఇంజెక్షన్లు వేరు. మచ్చ కరిగించే మూలకణాల మీద పరిశోధన నడుస్తున్న మాట నిజం. లింబస్‌లోనే ఉండే ఇంకో రకం మూలకణాలు ఎలుకల్లో మచ్చ పడకుండా ఆపాయని సయన్ బసు, ఫండర్‌బర్గ్ బృందం 2014లో చూపించింది. అలాంటివి పరిశోధనగానే జరగాలి, పరిశోధనలో పాల్గొన్న రోగి దగ్గర చికిత్సకు డబ్బు తీసుకోకూడదు.

మీ అక్క తన కన్ను ఇస్తానన్నారు. ఆ అవసరం లేదని ఆమెకు నెమ్మదిగా చెప్పండి. బతికున్నవాళ్ల కార్నియా తీసుకోరు. అంచు ముక్క మాత్రం దగ్గరి బంధువు నుంచి తీసుకునే పద్ధతి ఉంది, కానీ అది రెండు కళ్లూ కాలినవాళ్లకే. తల్లిదైనా సరే అది పిల్లాడి శరీరానికి పరాయిదే కాబట్టి, తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని అణిచే మందులు చాలాకాలం మింగాలి, వాటికి రక్తపరీక్షలు చేస్తూ ఉండాలి. సొంత ఎడమ కంటి ముక్కకు ఆ బెడద లేదు. ఎడమ కన్ను ఆరోగ్యంగా ఉందని కార్నియా డాక్టరు పరీక్షించి చెప్తే, వాడికి కావలసినది వాడి దగ్గరే ఉంది.